ఈజిప్టు పాలకుడు ఇస్తాంబుల్ కొండ మీద భవనం ఎందుకు కట్టాడు?

ఇస్తాంబుల్ నగరం మధ్య నుంచి పారే బాస్ఫరస్ జలసంధికి ఆసియా వైపు ఒడ్డున చుబుక్లు అనే పేట ఉంది. పరిపాలన పరంగా అది బేకోజ్ జిల్లా. పేట వెనక కొండంతా చెట్లే. కొండ పైభాగాన ఆ చెట్ల నడుమ లేత రంగు గోడలతో, నిటారుగా లేచిన బురుజుతో ఒక భవనం ఉంటుంది. అక్కడివాళ్లు దాన్ని హిదివ్ కస్రి అంటారు. అంటే ఖెదివ్ గారి భవనం. ఒట్టోమన్ సుల్తాను ఈజిప్టు పాలకుడికి ఇచ్చిన బిరుదు ఖెదివ్. ఇవాళ ఆ కొండ నగరపాలక సంస్థ పార్కు. భవనంలో రెస్టారెంటు నడుస్తోంది. సెలవు రోజున కుటుంబాలు పొద్దున్నే టిఫినుకు వస్తాయి. ఏప్రిల్‌లో తులిప్ పూలు, ఆ తర్వాత గులాబీలు చూడటానికి జనం కొండెక్కుతారు.

భవనం 1907లో తయారైంది. కట్టించినవాడు రెండో అబ్బాస్ హిల్మీ, అప్పటి ఖెదివ్. కైరోలో ఆయనకు ఆబ్దీన్ రాజభవనం ఉంది. అలెగ్జాండ్రియా దగ్గర మోంతజాలో, సముద్రానికి ఎదురుగా, 1892లో కట్టించుకున్న విడిది ఉంది. అది కూడా పెద్ద తోట మధ్యలోనే. ఇన్ని ఉండగా మధ్యధరా సముద్రం దాటి వచ్చి, తనకు పైనున్న సుల్తాను రాజధానిలో ఇంత ఖర్చుపెట్టి ఇల్లు కట్టాల్సిన అవసరం ఏమొచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తేనే భవనం ఆ చోట, ఆ ఎత్తున, ఆ తీరులో ఎందుకుందో తెలుస్తుంది.

ఒకే దేశం, ఇద్దరు యజమానులు

1805లో ఈజిప్టు గవర్నరైన ముహమ్మద్ అలీ తన కుటుంబానికి ఆ పదవిని వంశపారంపర్యం చేసుకున్నాడు. సొంత సైన్యం, సొంత పన్నులు అన్నీ ఉన్నా చట్టం దృష్టిలో ఈజిప్టు ఒట్టోమన్ సామ్రాజ్యంలో భాగమే. ఆయన మనవడు ఇస్మాయిల్‌కు 1867లో సుల్తాన్ అబ్దులజీజ్ ఖెదివ్ బిరుదు ఇచ్చాడు. మామూలు గవర్నరు కంటే ఒక మెట్టు పైన, స్వతంత్ర రాజు కంటే ఒక మెట్టు కింద. ఆ బిరుదు కోసం, వారసత్వ నిబంధనల మార్పు కోసం ఇస్మాయిల్ ఇస్తాంబుల్‌కు కట్టిన డబ్బు చిన్న మొత్తం కాదు.

ఇస్మాయిల్‌కు కట్టడాల పిచ్చి. కైరోను కొత్తగా తీర్చిదిద్దాడు, సూయజ్ కాలువ ప్రారంభోత్సవాన్ని అట్టహాసంగా చేశాడు. ఇస్తాంబుల్‌లో ఎమిర్గాన్ అనే చోట, చుబుక్లుకు ఎదురుగా యూరప్ వైపు ఒడ్డున, వనం సంపాదించి 1870లలో అందులో మూడు విడిది ఇళ్లు కట్టించాడు. పసుపు ఇల్లు, గులాబీ ఇల్లు, తెల్ల ఇల్లు అన్న పేర్లతో అవి ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఈ లోగా అప్పులు మీద పడ్డాయి. 1875లో సూయజ్ కంపెనీలో ఈజిప్టు వాటాలను సుమారు 40 లక్షల పౌండ్లకు బ్రిటన్‌కు అమ్ముకోవాల్సి వచ్చింది. 1879లో ఐరోపా దేశాల ఒత్తిడితో సుల్తాన్ రెండో అబ్దుల్ హమీద్ ఒక టెలిగ్రాంతో ఆయన్ని పదవి నుంచి దించేశాడు. కొన్నేళ్లు ఇటలీలో గడిపాక ఇస్మాయిల్ ఎమిర్గాన్‌కు చేరాడు. వైభవంగా ఉన్న రోజుల్లో కట్టుకున్న చోటే సుల్తాను కనుసన్నల్లో, దాదాపు బందీలా బతికి 1895లో చనిపోయాడు.

ఇస్మాయిల్ మనవడే అబ్బాస్ హిల్మీ. 1874లో పుట్టాడు. వియన్నాలోని థెరెసియానుం విద్యాలయంలో చదువుకుంటుండగా 1892 జనవరిలో తండ్రి తౌఫీక్ చనిపోవడంతో 17 ఏళ్లకే ఖెదివ్ అయ్యాడు. అప్పటికి బ్రిటిష్ సైన్యం ఈజిప్టులో దిగి పదేళ్లయింది. పేరుకు ఖెదివ్ పాలన, అసలు పెత్తనం బ్రిటిష్ ప్రతినిధి లార్డ్ క్రోమర్‌ది. కుర్రాడు తలవంచి ఉంటాడనుకున్నారు గానీ అలా జరగలేదు. 1894లో సూడాన్ సరిహద్దు దగ్గర సైన్యాన్ని తనిఖీ చేస్తూ బ్రిటిష్ అధికారుల పనితీరును బహిరంగంగా తప్పుపట్టాడు. ఆ సైన్యానికి అధిపతిగా ఉన్న బ్రిటిష్ అధికారి కిచెనర్ రాజీనామా చేస్తానన్నాడు. క్రోమర్ గట్టిగా ఒత్తిడి తెచ్చాడు. చివరికి ఖెదివే వెనక్కి తగ్గి ఆ సైన్యాన్ని మెచ్చుకుంటూ ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. సొంత దేశంలో, సొంత సైన్యం గురించి మాట్లాడినందుకు ఒక పాలకుడికి ఇంతకంటే అవమానం ఉండదు.

అలాంటి స్థితిలో అబ్బాస్ హిల్మీ చేతిలో మిగిలిన బలం ఒక్కటే. ఖెదివ్‌ను నియమించేది సుల్తాను, బ్రిటన్ కాదు. కాబట్టి సుల్తానుతో సంబంధం ఎంత గట్టిగా ఉంటే బ్రిటిష్ వాళ్ల ముందు తన మాటకు అంత బరువు. ఆయన వేసవి ఇస్తాంబుల్ ప్రయాణాలను గాలి మార్పు కోసం చేసినవి అనుకోవడానికి లేదు. కైరోలో తనకు దక్కని హోదాను చట్టప్రకారం గుర్తించే ఏకైక నగరం అది. 1904లో బ్రిటన్, ఫ్రాన్స్ రాజీపడ్డాక ఈజిప్టు వ్యవహారంలో ఫ్రాన్స్ అండ కూడా పోయింది. ఆ తర్వాత మూడేళ్లకు చుబుక్లు భవనం లేచింది. ఈ రెండింటికీ నేరుగా ముడి వేసే కాగితం అక్కర్లేదు, వరస చూస్తేనే ఆయనకు ఇస్తాంబుల్ ఎందుకంత ముఖ్యమైందో అర్థమవుతుంది.

ఈ పనిలో ఆయన ఒంటరి కాదు. ముహమ్మద్ అలీ వంశంవాళ్లు బాస్ఫరస్ పొడవునా ఇళ్లు కొన్నారు, కట్టారు. అబ్బాస్ తల్లి ఎమీనా ఇల్హామీ భవనం యూరప్ వైపు బెబెక్‌లో నీటి అంచునే ఉంది. ఇప్పుడది ఈజిప్టు కాన్సులేట్. తల్లి ఇల్లు, కొడుకు ఇల్లు రెండూ ఆ కాలపు కొత్త ఫ్యాషనైన ఆర్ట్ నూవో శైలిలోనివే.

కొండ, బురుజు, నీళ్లు

బాస్ఫరస్ ఒడ్డున డబ్బున్నవాళ్ల ఇల్లు అంటే సాధారణంగా యాలీ. నీళ్లను ఆనుకుని కట్టే చెక్క భవంతి అది. పడవ నేరుగా గుమ్మం దగ్గర ఆగుతుంది. చుబుక్లులో ఖెదివ్‌కు కూడా ఒడ్డున అలాంటి చెక్క ఇళ్లు ఉండేవి. కొత్త భవనానికి మాత్రం ఆయన కొండ పైభాగాన్ని ఎంచుకున్నాడు. ఒడ్డున ఉంటే వందలాది భవంతుల్లో ఒకటిగా కలిసిపోయేది. కొండ మీద, చెట్లపైకి తలెత్తిన బురుజుతో ఉంటే జలసంధిలో వెళ్లే ప్రతి ఓడకూ కనబడుతుంది. ఆ బురుజు ఇటలీ పల్లె విల్లాల బురుజుల తీరులో ఉంటుంది. అది కాపలా కోసం కట్టింది కాదు. చూడటానికి, చూపించుకోవడానికి కట్టింది.

రూపకల్పన ఇటాలియన్ ఆర్కిటెక్ట్ దెల్ఫో సెమినాతిది. అప్పట్లో అలెగ్జాండ్రియా నుంచి ఇస్తాంబుల్ దాకా తూర్పు మధ్యధరా ఊళ్లలో ఇటాలియన్ ఆర్కిటెక్టులు, మేస్త్రీలు, పాలరాతి పనివాళ్లు తిరుగుతూ పనిచేసేవాళ్లు. ఈజిప్టు రాజకుటుంబానికి వాళ్లతో పాత పరిచయం. కాబట్టి ఇటాలియన్‌ను పిలవడంలో వింత లేదు. ఆలోచించాల్సింది శైలి గురించి.

ఆర్ట్ నూవో అనగానే పారిస్, బ్రసెల్స్ గుర్తొస్తాయి. లతల్లా మెలికలు తిరిగే ఇనుప పని, పూల ఆకారాలు, రంగు గాజు. ఇస్తాంబుల్‌కు ఆ శైలిని బలంగా తెచ్చినవాడు రైమొందో దారొంకో. 1893లో ఒక ప్రదర్శనకు భవనాలు గీయడానికి వచ్చాడు. 1894 భూకంపంతో ఆ ప్రదర్శన ఆగిపోయింది. ఆయన మాత్రం ఆస్థాన ఆర్కిటెక్ట్‌గా 1909 దాకా ఉండిపోయాడు. పేరా వీధిలో సుల్తాను దర్జీ బోతర్‌కు కట్టిన ఇల్లు దారొంకో చేతిదే. అంతకంటే ముఖ్యమైనది సుల్తాను నివాసమైన యిల్దిజ్ రాజభవనం దగ్గర షేక్ జాఫిర్ సమాధి. అబ్దుల్ హమీద్ గురువుగా భావించిన సూఫీ పెద్ద ఆయన. ఒట్టోమన్ సుల్తాను తన గురువు సమాధిని కూడా ఆర్ట్ నూవోలో కట్టించాడంటే, ఆ శైలి అప్పటికి పరాయిదిగా మిగల్లేదు. దర్బారుకు సొంతమైపోయింది. ఖెదివ్ భవనాన్ని ‘పాశ్చాత్య మోజు’ అని తేల్చేసేవాళ్లు ఈ సంగతి పట్టించుకోరు. పాత ఒట్టోమన్ పద్ధతిలో కట్టి ఉంటే పాతకాలపు మనిషి అనిపించుకునేవాడు. ఈజిప్టు ఆనవాళ్లు పెట్టి ఉంటే బయటివాడిగా నిలబడేవాడు. ఆర్ట్ నూవో అంటే సుల్తాను చుట్టూ ఉన్నవాళ్ల తాజా అభిరుచి. ఆ వరసలో తానూ ఉన్నానని చెప్పడానికి అంతకంటే మంచి ఎంపిక లేదు.

లోపలికి అడుగుపెడితే మొదట కనిపించేది నీళ్లే. ప్రవేశ హాలు మధ్యలో పెద్ద పాలరాతి ఫౌంటెన్. దాని పైన కప్పు దాకా ఖాళీ. కప్పు స్థానంలో రంగు గాజు. పగటి వెలుగు ఆ గాజు గుండా దిగి నీళ్ల మీద పడుతుంది. చుట్టూ స్తంభాలు, వాటి పైన గదులు. పై నుంచి వెలుతురు దిగే నడిమి చోటు, దాన్ని చుట్టుకుని ఇల్లు. మండువా లోగిలి చూసినవాళ్లకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. కింది అంతస్తులో పెద్ద గదులు ఒకదాని నుంచి ఇంకొకదానికి తెరుచుకుంటూ వంపుగా సాగుతాయి. చలికాలానికి నెగడు ఉన్న హాలు, గాజు గోడల గది, బాస్ఫరస్ వైపు పాలరాతి వరండా. ఎక్కడా చతురస్రంగా ఆగినట్టు ఉండదు. నడిచేకొద్దీ గోడ పక్కకు తిరుగుతుంది, కిటికీలో దృశ్యం మారుతుంది. గోడల మీద, కప్పుల మీద పూలు, పండ్లు, ఆకుల అచ్చులు.

పడకగదులు పై అంతస్తులో. అక్కడికి మెట్లతో పాటు లిఫ్ట్ కూడా ఉంది. మొదట్లో అది ఆవిరితో నడిచేదని చెబుతారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. ఇస్తాంబుల్‌కు విద్యుత్తు ఇచ్చిన సిలాహ్తరాగా కేంద్రం 1914లో గానీ మొదలు కాలేదు. నగరంలో లిఫ్ట్ అంటే పేరా పలాస్ లాంటి పెద్ద హోటల్ గుర్తొచ్చే రోజులవి. అలాంటప్పుడు నగరానికి దూరంగా, కొండ మీద, ఒక కుటుంబం నివసించే ఇంట్లో లిఫ్ట్ పెట్టడమంటే యంత్రం, ఇంధనం, నడిపే మనిషి అన్నీ సొంతంగా ఏర్పాటు చేసుకోవాలి. అబ్బాస్ హిల్మీకి యంత్రాల మీద, వ్యాపారం మీద ఆసక్తి ఎక్కువే. ఈజిప్టులో మర్యూత్ ఎడారి గుండా సొంత డబ్బుతో రైలు మార్గం వేయించిన మనిషి.

తోట సంగతి వేరే చెప్పాలి. ఖెదివ్ రెండో భార్య మరియానా తోరోక్ హంగరీ జమీందారీ కుటుంబానికి చెందిన యువతి. ఇస్లాం స్వీకరించి జావిదాన్ హనుం అయింది. 1910లో వాళ్ల పెళ్లి అధికారికంగా జరిగింది, 1913లో విడిపోయారు. భవనం లోపలి అలంకరణలో, చెట్ల పెంపకంలో ఆమె చెయ్యి ఉందని చెబుతారు. భవనం చుట్టూ తీర్చిదిద్దిన పూలమళ్లు, కాస్త దూరం పోగానే అడవిలాంటి వనం. ఆ రెండింటికీ మధ్య గోడ లేదు. బాస్ఫరస్ కొండల మీద వసంతంలో ఊదా గులాబీ రంగులో పూసే ఎర్గువాన్ చెట్లు ఉంటాయి. నల్లటి పైన్ పచ్చదనంలో ఆ రంగు దూరం నుంచే తెలుస్తుంది.

ఏడేళ్ల వైభవం, డెబ్బై ఏళ్ల నిర్లక్ష్యం

భవనం పూర్తయిన మరుసటి ఏడే, 1908లో, సుల్తాను పెత్తనం తగ్గించి రాజ్యాంగ పాలన తేవాలన్న యంగ్ టర్క్‌ల విప్లవం వచ్చింది. 1909లో అబ్దుల్ హమీద్‌ను దించేశారు. ఖెదివ్ ఏ సుల్తానును నమ్ముకుని పావులు కదిపాడో ఆ సుల్తానే లేకుండా పోయాడు. 1911లో పాత శత్రువు కిచెనర్ బ్రిటిష్ ప్రతినిధిగా కైరోకు తిరిగొచ్చి ఖెదివ్‌ను పూర్తిగా పక్కకు నెట్టే పనిలో పడ్డాడు.

1914 జులై 25న ఇస్తాంబుల్‌లో ప్రధాన మంత్రి కార్యాలయం బయట ఒక ఈజిప్టు యువకుడు అబ్బాస్ హిల్మీ మీద కాల్పులు జరిపాడు. ఖెదివ్ గాయాలతో బయటపడ్డాడు. కోలుకునే లోపే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఒట్టోమన్ ప్రభుత్వం జర్మనీ పక్షాన చేరింది. ఖెదివ్ ఇస్తాంబుల్‌లోనే ఉన్నాడు, అంటే బ్రిటన్ దృష్టిలో శత్రువు రాజధానిలో. 1914 డిసెంబర్ 18న బ్రిటన్ ఈజిప్టును తన రక్షిత రాజ్యంగా ప్రకటించింది. మర్నాడే ఆయన్ని పదవీచ్యుతుణ్ని చేసి బాబాయి హుసేన్ కామిల్‌ను సుల్తాన్ పేరుతో గద్దె ఎక్కించింది. తన హోదాను కాపాడుకోవడానికి ఏ నగరాన్ని ఆశ్రయించాడో ఆ నగరంలో ఉండటమే ఆ హోదా పోవడానికి సాకైంది. తాత ఎమిర్గాన్‌లో చివరి రోజులు గడిపాడు, మనవడు ఎదుటి ఒడ్డున ఉండగా రాజ్యం పోగొట్టుకున్నాడు. 1931లో ఏడాదికి 30,000 పౌండ్ల భరణానికి ఒప్పుకుని సింహాసనం మీద హక్కు వదులుకున్నాడు. పదవి పోయిన సరిగ్గా 30 ఏళ్లకు, 1944 డిసెంబర్ 19న, జెనీవాలో కన్నుమూశాడు.

చుబుక్లు భవనాన్ని, వనాన్ని 1937లో ఇస్తాంబుల్ నగరపాలక సంస్థ కొన్నది. ఈ కొనుగోలుకు దక్కాల్సిన గుర్తింపు దక్కలేదు. అప్పట్లో నగరం చిన్నది, కొండల మీద స్థలానికి కరువు లేదు. ఆ తర్వాత 1980 నాటికి ఇస్తాంబుల్ ప్రాంత జనాభా 47 లక్షలు దాటింది. ఇప్పుడు కోటిన్నర పైమాటే. చుబుక్లు చుట్టుపక్కల పాషాబహ్చే గాజు ఫ్యాక్టరీ, చమురు ట్యాంకులు, వాటి వెనక కార్మికుల కాలనీలు వెలిశాయి. 1988లో రెండో బాస్ఫరస్ వంతెన కొద్ది దూరంలోనే దిగింది. వారసుల చేతుల్లోనో, కంపెనీ చేతుల్లోనో ఉండి ఉంటే ఆ కొండ ముక్కలై అమ్ముడుపోయేది. బాస్ఫరస్ కొండల మీద కట్టడాలకు కట్టుదిట్టమైన చట్టం 1983లో గానీ రాలేదు. అప్పటికే చాలా కొండలు కాంక్రీటు అయిపోయాయి. ఇక్కడ చెట్లు మిగిలాయంటే కారణం ప్రజల ఆస్తిగా ముందే మారడం.

కానీ కొన్నాక నగరపాలక సంస్థకు ఆ భవనంతో ఏం చేయాలో తోచలేదు. దశాబ్దాల పాటు అది పాడుపడింది. 1982లో చెలిక్ గులెర్సోయ్ నాయకత్వంలోని టర్కీ టూరింగ్ అండ్ ఆటోమొబైల్ క్లబ్ దాన్ని చేతిలోకి తీసుకుని రెండేళ్లు మరమ్మతు చేసి 1984లో హోటల్‌గా, రెస్టారెంటుగా తెరిచింది. గులెర్సోయ్ చదువు న్యాయశాస్త్రం, ప్రేమ మాత్రం ఇస్తాంబుల్ మీద. 1979 నుంచి యిల్దిజ్ పార్కు, ఎమిర్గాన్ పార్కుల్లోని విడిది ఇళ్లను వరసగా బాగుచేయించాడు. ఆయన పద్ధతి ఒక్కటే: పాడైన భవనాన్ని మ్యూజియంగా తాళం వేయకుండా, మామూలు జనం వచ్చి కూర్చుని టీ తాగే చోటుగా మార్చడం. ఆ కాలపు సామాన్లు ఎక్కడెక్కడి నుంచో సేకరించి గదులు నింపాడు. అసలు ఏది, తర్వాత పెట్టింది ఏది అన్న తేడా చెరిగిపోయిందని వారసత్వ నిపుణులు తప్పుపట్టారు. ఆ విమర్శలో బలం ఉంది. అయినా రెండు పక్కలా తూకం వేస్తే గులెర్సోయ్ చేసిందే సరైనది. కప్పు కారుతున్న భవనానికి కావలసింది ముందు మనుషుల రాకపోకలు, దానితో వచ్చే ఆదాయం.

ఆయన బాగుచేయించిన వాటిలో యిల్దిజ్ పార్కులోని మాల్తా కోష్క్ ఒకటి. 1878లో పదవీచ్యుత సుల్తాన్ ఐదో మురాద్‌ను మళ్లీ గద్దె ఎక్కించే ప్రయత్నం విఫలమయ్యాక ఆయన్ని కొంతకాలం ఆ విడిదిలోనే ఉంచారు. ఆ మురాద్ మునిమనవరాలే నిలోఫర్. హైదరాబాద్‌లో నిలోఫర్ ఆసుపత్రి ఆమె పేరు మీదే ఉంది. 1931లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఏడో నిజాం రెండో కొడుకుతో ఆమెకూ, పెద్ద కొడుకుతో చివరి ఖలీఫా అబ్దుల్‌మెజీద్ కూతురు దుర్రు షెహ్వార్‌కూ పెళ్లిళ్లు జరిగాయి. దుర్రు షెహ్వార్ పుట్టింటివారి భవనం ఉస్కుదార్‌లో ఒక వనంలో ఉంది. దాన్ని మొదట కట్టించింది ఖెదివ్ ఇస్మాయిలే. అలా బాస్ఫరస్ తోటల్లోని ఈ ఇళ్ల కథలు ఒక కొస కైరోకు, ఇంకో కొస హైదరాబాద్‌కు అందుతాయి.

1990ల నడుమ నగరపాలక సంస్థ ఈ భవనాలను క్లబ్ నుంచి వెనక్కి తీసుకుంది. హోటల్ గదులు పోయాయి, మద్యం వడ్డించడం ఆగిపోయింది. ధరలు తగ్గి మధ్యతరగతి కుటుంబాల రాక పెరిగింది. ఈ మార్పు మీద ఇస్తాంబుల్‌లో అప్పట్లో పెద్ద వాదనే నడిచింది. పాతవాళ్లు కొందరు వాతావరణం పోయిందన్నారు. కొత్తగా వచ్చినవాళ్లకు అంతకుముందు ఆ గుమ్మం లోపలికి అడుగుపెట్టే ధైర్యమే ఉండేది కాదు. ప్రజల డబ్బుతో కొన్న భవనంలోకి ఎక్కువమంది ప్రజలు రావడాన్ని నష్టంగా చూడలేం. పట్టించుకోవాల్సింది రంగు గాజు, పాలరాయి, అచ్చుల పని ఎంత జాగ్రత్తగా చూసుకుంటున్నారన్నది. వందల మంది భోజనం చేసే చోట వంటింటి ఆవిరి, తేమ, కుర్చీల రాపిడి వాటికి మంచివి కావు.

ఇస్తాంబుల్ వెళ్లేవాళ్లు ఈ భవనాన్ని ఒక్కదాన్నే కాకుండా ఎమిర్గాన్‌తో కలిపి చూస్తే మంచిది. పొద్దున ఎమిర్గాన్ పార్కులో ఇస్మాయిల్ కట్టించిన చెక్క ఇళ్లు చూసి, పక్కనే ఉన్న ఇస్తిన్యే రేవుకు నడిచి, అక్కడి నుంచి చుబుక్లుకు వెళ్లే కార్ల ఫెర్రీ ఎక్కవచ్చు. ఆ కాసేపట్లోనే తాత ఒడ్డు నుంచి మనవడి ఒడ్డుకు చేరతారు. చుబుక్లు రేవు నుంచి కొండ ఎక్కడం కాస్త నిటారు, నడవలేనివాళ్లు టాక్సీ చూసుకోవాలి. లోపల ఫౌంటెన్ హాల్లో మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడు కప్పు గాజు రంగులు బాగా తెలుస్తాయి.